తోసేస్తే ఈత వస్తుందా? ఏడేళ్ల పాపకి నీళ్లంటే భయం పట్టుకుంది

సిరివాళ్లమ్మ | కూకట్‌పల్లి, హైదరాబాద్ | ఏప్రిల్ 14, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మా పాపకి ఏడేళ్లు. ఈ నెల మొదట్లో మా ఇంటి దగ్గర ఒక పూల్‌లో వేసవి క్యాంపుకి చేర్పించాం. 21 రోజులు, రోజూ 45 నిమిషాలు. పిల్లలు 30 మంది పైనే ఉంటారు, నేర్పేవాళ్లు ఇద్దరే. మొదటి మూడు రోజులు గట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు ఆడించమన్నారు. పాప హుషారుగానే వెళ్లింది. నాలుగో రోజు, నీళ్లలోకి దిగడానికి జంకుతున్న పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి, ఐదడుగుల లోతున్న వైపు నుంచి ఒక్కొక్కర్నీ లోపలికి తోశారు. వెంటనే పైకి తీశారు, అది నిజమే. దెబ్బేమీ తగల్లేదు.

పైకి వచ్చాక పాప ఏడవలేదు. నాకు అదే భయం వేసింది. నా చున్నీ కొస రెండు చేతులతో పట్టుకుని, పళ్లు టకటకా కొట్టుకుంటూ నిలబడిపోయింది. ఆ రోజు నుంచి తలస్నానం అంటే కేకలు పెడుతోంది. మగ్గుతో నెత్తి మీద నీళ్లు పోయనివ్వదు. వారంగా జుట్టు తడిగుడ్డతో తుడుస్తున్నాను. క్యాంపుకి పంపడం మానేశాను.

అక్కడ అడిగితే, "అందరికీ ఇలాగే నేర్పుతాం మేడమ్, రెండ్రోజులు ఓపిక పట్టండి" అన్నారు. మా మామగారు కూడా అదే మాట. "మమ్మల్ని మా నాన్న బావిలోకి విసిరేశాడు, మాకు రాలేదా ఈత?" అంటారు. మా వారు ఎటూ చెప్పలేకపోతున్నారు. నాకు ఈత రాదు. అందుకని వాళ్లు చెప్పేది తప్పని గట్టిగా అనలేకపోతున్నాను. ఇలా తోయడం నిజంగా పద్ధతేనా? ఈ భయం పోగొట్టి మళ్లీ నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

---

సీమబిడ్డ | కడప | ఏప్రిల్ 14, రాత్రి 11:25

అక్కా, ఇంత దిగులు అక్కర్లేదు. నన్ను మా మామ ఊరి చెరువులోకి తోసినాడు. రెండు గుక్కలు తాగినా, కాళ్లూ చేతులూ కొట్టుకున్నా, ఆ సాయంత్రానికే కుక్క ఈత వచ్చేసింది. భయం పోవాలంటే ఒకసారి మునగాల్సిందే. "ఈతకు మించిన లోతు లేదు" అని పెద్దోళ్లు ఊరకే అనలేదు కదా. రెండు రోజులు ఆగి మళ్లీ పంపండి.

---

బాయిగడ్డ | జగిత్యాల జిల్లా | ఏప్రిల్ 15, పొద్దున 6:10

అమ్మా, నాకు 66 ఏండ్లు. మీ మామగారు, నేను ఒక్క తీరుగ పెరిగినోళ్లమే అనిపిస్తంది. అందుకే ఆయన చెప్పిన ముచ్చటకు నేను ఒక ముచ్చట కలుపుతా.

మా బాపు కూడ నన్ను బాయిల ఏసిండు. గని అది ఆఖరి రోజు చేసిన పని. అంతకు ముందు నెల రోజులు ఏం జరిగిందో చెప్పాలె.

ఎండకాలం సెలవులల్ల పొద్దుగాల మోటబాయి కాడికి తీస్కపోయేటోడు. నడుముకు బెండ్లు కట్టేటోడు. మునగ కట్టెను మూరెడు ముక్కలు కోసి, ఎండబెట్టి, తాడుకు కుచ్చితే అవే బెండ్లు. మొదలు ఐదు కట్టిండు. నా కంటె ముందుగాల ఆయన దిగిండు. మెట్ల మీద నీళ్లల్ల నిలవడి, "ఇగ రా" అని చేతులు చాపిండు. నా కడుపు కింద అరచేయి పెట్టి, గడ్డం పట్టి, ఇటు దరి నుంచి అటు దరికి తిప్పిండు. బెండ్లు ఉన్నయి, బాపు చేయి ఉన్నది, ఇగ భయమేంది? వారం తర్వాత చూసుకుంటె బెండ్లు నాలుగే ఉన్నయి. ఎప్పుడు తీసిండో నాకు ఎరుక లేదు. తర్వాత మూడు. తర్వాత రెండు. నాకు చెప్పకనే ఒక్కొక్కటి ఇప్పుకుంట వచ్చిండు. ఒక్క బెండుతోని ఈదుతున్నప్పుడు అది కూడ నడుముకు ఊగులాడుతాంది తప్ప నన్ను మోస్తలేదని నాకే తెలిసింది.

అప్పుడు ఒక రోజు నన్ను ఎత్తి నడుమ బాయిల ఏసిండు. నేను తేలి పక్కకు చూసే వరకు బాపు నా పక్కనే ఉన్నడు. నా కంటె ముందే దునికిండు.

నేను ఇన్నేండ్లు అందరికి "మా బాపు బాయిల ఏసిండు" అనే చెప్తున్న. బెండ్ల ముచ్చట ఎవ్వరికి చెప్పలే. మీ మామగారిని ఒక్కటి అడుగుండ్రి: ఆయనను ఏసిన రోజు, ఆ బాయిల ముందుగాల ఎవరు దిగి ఉన్నరని.

---

ఈతమాస్టారు | విజయవాడ | ఏప్రిల్ 15, మధ్యాహ్నం 2:05

సిరివాళ్లమ్మ గారూ, నేను 19 ఏళ్లుగా పిల్లలకి ఈత నేర్పుతున్నాను. తోయడం నేర్పడం కాదు. పిల్లలు ఎక్కువై, మనుషులు తక్కువై, 21 రోజుల్లో ఏదో ఒకటి చూపించాలనే హడావుడిలో చేసే పని అది. కొందరికి ఈత వస్తుంది, ఒప్పుకుంటాను. రానివాళ్లు ఇంక జన్మలో పూల్ మొహం చూడరు. మీరు మానిపించడమే సరైంది.

పై పెద్దాయన రాసినది చదివి నాకు గొంతు పట్టేసింది. మేం ఇవాళ కిక్‌బోర్డులూ (చేత్తో పట్టుకుని తేలే పలకలు), నూడుల్సూ (నీళ్లలో తేలే పొడుగాటి నురగ గొట్టాలు) పెట్టి చేసేది కూడా అదే. ఆసరా ఇవ్వాలి, పిల్లకి తెలియకుండా కొద్దికొద్దిగా తీసెయ్యాలి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. ఈత అనగానే అందరూ చేతులూ కాళ్లూ అనుకుంటారు. మొదట నేర్పాల్సింది ఊపిరి. నీళ్లు మొహానికి తగలగానే పిల్లలు ఊపిరి బిగబడతారు. బిగబట్టిన కొద్దీ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని గాలి కావాలని గింజుకుంటారు. తల పైకి వచ్చిన ఆ అరక్షణంలో పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరవు. పీల్చేది సగం గాలి, సగం నీళ్లు. దగ్గు వస్తుంది, ముక్కు మండుతుంది, భయం అక్కడే పట్టుకుంటుంది. అందుకే గాలి నీళ్లలో ఉండగానే ముక్కులోంచి వదిలెయ్యాలి. పైకి వచ్చాక పీల్చుకోవడం ఒక్కటే పని. ఇది వంటబడితే సగం ఈత వచ్చినట్టే.

దీనికి పూల్ అక్కర్లేదు. ఇంట్లో వెడల్పాటి టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి స్ట్రాతో బుడగలు ఊదించండి. తర్వాత స్ట్రా తీసేసి పెదాలు నీళ్లకి ఆనించి ఊదమనండి. రెండు మూడు రోజులయ్యాక ముక్కు మునిగేదాకా మొహం పెట్టి "మ్మ్మ్" అని పాట తీయమనండి. "మ్మ్మ్" అన్నప్పుడు నోరు మూసే ఉంటుంది, గాలి ముక్కులోంచే పోతుంది. గాలి బయటికి పోతుంటే నీళ్లు ముక్కులోకి ఎక్కవు. పిల్లలకి ఇది చెప్పి ఒప్పించక్కర్లేదు, ఒకసారి చేస్తే వాళ్లకే తెలుస్తుంది. పక్కనే కూర్చోండి, అవగానే టబ్బు ఖాళీ చేసెయ్యండి.

నెత్తి మీద మగ్గుతో మీరు పోయకండి. మగ్గు తన చేతికే ఇవ్వండి. మొదట భుజం మీద, తర్వాత మెడ మీద, తనకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తల మీద పోసుకుంటుంది. నీళ్లు ఎప్పుడు పడతాయో తన చేతిలో ఉంటే భయం ఉండదు.

ఆ తర్వాత పూల్. పాప ఛాతీ లోతుకి మించకూడదు, మీరు గానీ మీ వారు గానీ లోపల ఉండాలి. మొదటి పాఠం వెల్లకిలా తేలడం. మెడ కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి, చెవులు రెండూ నీళ్లలో మునిగేలా పడుకోబెట్టండి. చెవుల్లోకి నీళ్లొస్తాయని తల ఎత్తుతుంది, అందరూ ఎత్తుతారు. తల ఎత్తితే కాళ్లు మునుగుతాయి. ఊపిరితిత్తుల్లో గాలి ఉంది కాబట్టి ఛాతీ తేలుతుంది, కాళ్లు బరువు. మనిషి నీళ్లలో తరాజులాంటివాడు. తల దించి, పొట్ట పైకెత్తి, నిండా గాలి పీల్చుకుంటే కాళ్లు వాటంతటవే లేస్తాయి. పైకప్పు మీద ఏదో ఒకటి చూపించి దాన్నే చూడమనండి.

చేతులకి తొడిగే గాలి బుడగలు కొనకండి. అవి పిల్లని నిలువుగా వేలాడదీస్తాయి. ఈతకి ఒళ్లు నీటి మీద అడ్డంగా పరుచుకోవాలి. పైగా వాటితో తేలుతున్న పిల్ల తనకి ఈత వచ్చేసిందనుకుంటుంది. అవి విప్పాక అదే ధీమాతో దూకేసిన పిల్లల్ని నా చేతులతో రెండుసార్లు పైకి తీశాను.

ఎన్ని రోజులు పడుతుందని మాత్రం లెక్కపెట్టకండి.

---

మల్లెతీగ | హనుమకొండ | ఏప్రిల్ 15, రాత్రి 9:30

సిరివాళ్లమ్మ గారూ, "నాకు ఈత రాదు" అని ఒక్క మాటలో రాసేశారు. నాకు అక్కడే మనసు ఆగింది. మా ఇంట్లో అన్నయ్యలిద్దరికీ బావిలో ఈత నేర్పారు. నేను గట్టు మీద వాళ్ల బట్టలకి కాపలా. పెద్దమనిషి అయ్యాక ఆ గట్టు మీదికి కూడా రానివ్వలేదు. మా ఊళ్లో ఆడపిల్లలందరిదీ ఇదే కథ. బట్టలు ఉతకడానికీ, బతుకమ్మను సాగనంపడానికీ చెరువుకి వెళ్లేది మేమే, ఈత రానిదీ మాకే.

నేను 34 ఏళ్లకి నేర్చుకున్నాను, మా అబ్బాయితో పాటు ఒకే రోజు మొదలుపెట్టి. ఫుల్ ప్యాంటు, పొడుగు చేతుల స్విమ్ సూట్ వేసుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. అన్నా నేను మానేదాన్ని కాదు. నేను బుడగలు ఊదలేక దగ్గుతుంటే వాడు "అమ్మా, నేను చూపిస్తా" అని ముందు మునిగాడు. వాడి భయం ఆ రోజే సగం పోయింది.

మన హైదరాబాద్ గోలి శ్యామల గారి గురించి వినే ఉంటారు. నీళ్లంటే భయం పోగొట్టుకోవాలనే నలభై దాటాక ఈత మొదలుపెట్టి, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధి ఈదారు. సుమారు 30 కిలోమీటర్లు. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు, మూడడుగుల నీళ్లలో పాప పక్కన తేలితే చాలు. మీరూ దిగండి.

---

కాలువగట్టు | అమలాపురం దగ్గర | ఏప్రిల్ 16, ఉదయం 7:50

కడప తమ్ముడూ, నీ మీద కోపంతో కాదు. నువ్వు చెప్పిన ఆ సామెత నేను కూడా చిన్నప్పుడు ఛాతీ విరుచుకుని చెప్పినవాడినే.

మాకు ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, మరమ్మతుల కోసం. జూన్‌లో నీళ్లు వదులుతారు. నీళ్లొచ్చిన రోజు కాలువ గట్టున పిల్లల జాతర. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఐదుగురం దిగాం. మాలో ఒకడు చేపే. అవతలి గట్టు దాకా నీళ్లలోపలే ఈదేవాడు. వాడి వెనకాల వాళ్ల పెదనాన్న కొడుకు, ఎనిమిదేళ్లవాడు, లాకుల (కాలువ నీళ్లని ఆపి వదిలే తలుపులు) దగ్గర మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వాడికి ఈత రాదు. మెట్టు మీద పాచి. ఎప్పుడు జారాడో ఎవరం చూడలేదు.

చూసేసరికి తల నీళ్ల మీద కనపడుతోంది, మునుగుతోంది, మళ్లీ కనపడుతోంది. వాడు కేక వెయ్యలేదు. చేతులు ఊపలేదు. ఆడుకుంటున్నాడనే అనుకున్నాం. మా చేపలాంటివాడికే ముందు అర్థమైంది. ఒక్క దూకు దూకి పట్టుకున్నాడు. ఆ పిల్లాడు వాడి మెడ చుట్టూ చేతులు బిగించేశాడు. లాకుల దగ్గర నీళ్లు కిందికి లాగుతాయి. ఇద్దరూ తేలలేదు.

మా చేపలాంటివాడు పోయింది ఈత రాకపోవడం వల్ల కాదు. మా అందరిలోకీ వాడికే బాగా వచ్చు.

అందుకే నా పిల్లలిద్దరికీ ఈత నేర్పించాను గానీ, దాంతో పాటే ఇంకొకటి నేర్పాను. ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు. గట్టు మీద పడుకుని కర్ర చాపు, కండువా చాపు, చీర ముడేసి విసురు, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా విసురు, పెద్దవాళ్లని కేకెయ్యి. మా ఇంటి రేవులో కొబ్బరిచెట్టుకి ఇరవై గజాల తాడు, దాని కొసన ఐదు లీటర్ల ఖాళీ డబ్బా ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఊళ్లో ఇంకో నాలుగు రేవుల్లో కూడా కట్టాం.

---

పిల్లల_డాక్టర్ | గుంటూరు | ఏప్రిల్ 16, రాత్రి 11:15

కాలువగట్టు గారు రాసింది ప్రతి అమ్మా నాన్నా చదవాలి. మునిగేవాడు సినిమాలోలా అరవడు. ఊపిరి అందనివాడికి అరవడానికి గాలి ఎక్కడిది? నోరు నీటి మట్టం దగ్గరే మునిగి తేలుతుంటుంది, చేతులు పక్కలకి చాపి నీటిని కిందికి నొక్కుతుంటాయి, మనిషి నిలువుగా ఉంటాడు. చిన్నపిల్లలు ఒక నిమిషం లోపే మునిగిపోవచ్చు. ఫోనులో మెసేజీ చూసుకునేంత సేపు.

2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పసివాళ్లే. పసివాళ్లకి చెరువూ బావీ అక్కర్లేదు, బకెట్టూ మూత లేని సంపూ చాలు.

ఈత ఏ వయసులో అంటే, అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏడాది దాటాక తల్లిదండ్రులతో కలిసి మొదలుపెట్టొచ్చని, నాలుగేళ్లకి చాలామంది పిల్లలు పాఠాలకి సిద్ధంగా ఉంటారని చెబుతుంది. ఏడాది లోపు పిల్లల్ని నీళ్లలో ముంచి తీసే వీడియోలు చూసి ఎవరూ ప్రయత్నించకండి. ఏడేళ్లు చక్కటి వయసు, ఏమీ ఆలస్యం కాలేదు. మూర్ఛ ఉన్న పిల్లలైతే వాళ్ల డాక్టరుని అడిగాకే దింపండి. దిగాక కూడా ఒక పెద్ద మనిషి చేతికి అందేంత దూరంలో, ఆ ఒక్క పిల్ల కోసమే ఉండాలి.

మునిగిన పిల్లని పైకి తీశాక ఏం చేస్తారన్నది నాకు ఇంకా పెద్ద బాధ. పొట్ట నొక్కుతారు, తలకిందులుగా పట్టుకుని తిప్పుతారు. నీళ్లు కక్కించడంలో విలువైన మొదటి నిమిషాలన్నీ అయిపోతాయి. మెదడుకి ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బ తినడం మొదలవుతుంది. ఉప్పులో పాతిపెడితే బతుకుతారని వాట్సాప్‌లో తిరిగేది పచ్చి అబద్ధం, దాన్ని నమ్మి గంటలకి గంటలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పిల్ల కదలకుండా, ఊపిరి తీయకుండా ఉంటే వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఇవ్వండి. ఛాతీ లేస్తోందా చూసుకుంటూ ఐదుసార్లు. ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి 2 ఊపిర్లు, ఆపకుండా. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రిలో చూపించాల్సిందే.

చెవుల సంగతి చిన్నది. ఈత అయ్యాక తల పక్కకి వంచి నీళ్లు కారనిచ్చి, పైపైన తుడవండి. బడ్స్ పెట్టకండి.

---

సీమబిడ్డ | కడప | ఏప్రిల్ 17, ఉదయం 8:20

కాలువగట్టు అన్నా, రాత్రంతా మీ పోస్టే బుర్రలో తిరుగుతా ఉంది.

ఒకటి చెప్పాల. నన్ను తోసిన రోజే మా మామ మా తమ్ముడిని కూడా తోసినాడు. నాకు ఈత వచ్చింది. వాడికి ఇప్పుడు 38 ఏళ్లు. పుష్కరాలకి పోయినా మోకాలి లోతు దాటి దిగడు. వాడి పిల్లల్ని పూల్ దగ్గరికి పంపడు. "వాడు పిరికోడు" అని ఇంట్లో అందరమూ అంటా ఉంటాము. ఆ రెండూ ఒకే రోజు జరిగినాయని ఇంతవరకూ నేను కలిపి ఆలోచించలేదు. అక్కా, నేను ముందు చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా.

---

తులిప్‌గడ్డ | ఆమ్‌స్టెల్‌వీన్, నెదర్లాండ్స్ | ఏప్రిల్ 17, సాయంత్రం 5:00

ఇక్కడ ఎలా నేర్పుతారో రాస్తాను, కోనసీమ వాళ్లకి పనికొస్తుందనిపించింది. ఈ దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా కిందే. మా ఇంటి ముందు కాలువ, బడి వెనకాల కాలువ. మా వాడికి ఐదేళ్లు రాగానే పక్కింటి డచ్చి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఈత క్లాసుకి పేరు రాయించావా?" అని. పేరు రాయించాక నెలల తరబడి ఎదురుచూశాం.

ఇక్కడ ఎ, బి, సి అని మూడు ఈత డిప్లొమాలుంటాయి. ఎ పరీక్ష రోజు పిల్లలు టీ షర్టు, ప్యాంటు, చెప్పులతో వరసగా నిలబడ్డారు. నాకు అర్థం కాలేదు. అలాగే నీళ్లలోకి దూకాలట! ఎందుకంటే కాలువలో పడే పిల్ల స్విమ్ సూట్‌తో పడదు కదా. తడిసిన బట్టల బరువుకి ఎలా ఉంటుందో ముందే తెలిస్తే కంగారు పడరు. దూకాక కాసేపు అక్కడే కాళ్లూ చేతులూ ఆడిస్తూ తల పైన ఉంచుకోవాలి, తర్వాత ఈదాలి. ఇంకోటి, నీళ్లలో ఒక పెద్ద గుడ్డ తెర వేలాడదీస్తారు, దానికి ఒక రంధ్రం. నీళ్లలోపలే మూడు మీటర్లు వెళ్లి అందులోంచి దూరి రావాలి. బి కి ఆరు మీటర్లు, సి కి తొమ్మిది. మా వాడికి ఎ రావడానికి ఏడాది పైనే పట్టింది, వారానికొక క్లాసు. ఎవరూ తొందర పెట్టలేదు.

మన కాలువల ఊళ్లలో కూడా ఈత వచ్చిన పిల్లల చేత, పెద్దవాళ్లు పక్కనుండగా, ఒకసారి బట్టలతో ఈదిస్తే బావుంటుంది. లంగా జాకెట్టుతో, స్కూలు యూనిఫారంతో.

---

పిల్లల_డాక్టర్ | గుంటూరు | ఏప్రిల్ 17, రాత్రి 10:30

తులిప్‌గడ్డ గారూ, మన పక్కన బంగ్లాదేశ్‌లో కూడా చక్కగా చేస్తున్నారు. పూల్ ఏమీ లేదు. ఊరి చెరువులోనే వెదురు బొంగులతో కంచె, కింద వెదురు తడికెతో అరుగు కట్టి, లోతు పిల్లల ఛాతీని మించకుండా చేసి, నాలుగేళ్లు దాటినవాళ్లకి నేర్పుతారు. 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు తేలాలి, గట్టు మీద నుంచి కర్రో తాడో అందించి ఇంకొకర్ని కాపాడటం రావాలి. అప్పుడే వచ్చినట్టు లెక్క. వెదురు మనకి తక్కువా, చెరువులు తక్కువా? ఒక పంచాయతీ తలుచుకుంటే అయ్యే పని.

---

అలలమీద | విశాఖపట్నం | ఏప్రిల్ 18, ఉదయం 6:40

ఒక్క మాట. పూల్‌లో ఈత వచ్చిందని పిల్లల్ని మా వైజాగ్ బీచ్‌లో దింపకండి. అలలు విరగకుండా నీరు ప్రశాంతంగా కనిపించే చోట, ఒడ్డుకి కొట్టిన నీళ్లు పాయలా లోపలికి లాక్కుపోతుంటాయి. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంత మొనగాడైనా అలసిపోతాడు. తీరానికి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం ఆగాక ఒడ్డుకి తిరగాలి. అదీ కుదరకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి.

---

ఈతమాస్టారు | విజయవాడ | ఏప్రిల్ 18, రాత్రి 8:15

నేనూ ఒకటి మర్చిపోయాను. ఈత వచ్చిన పిల్లలు "ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో" అని పందేలు వేసుకుంటారు. గబగబా ఊపిరి తీసి మునిగితే ఇంకా సేపు ఉండొచ్చని ఎవరో చెబుతారు. అలా చేస్తే గాలి కావాలనే హెచ్చరిక అందకుండానే నీళ్లలో స్పృహ తప్పుతుంది. బాగా వచ్చిన పిల్లలకే ఈ ప్రమాదం. ఎక్కడ చూసినా ఆపించండి.

---

సిరివాళ్లమ్మ | కూకట్‌పల్లి, హైదరాబాద్ | మే 19, రాత్రి 10:05

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి. రాయడానికి ఏదైనా జరగనివ్వాలని ఆగాను.

టబ్బుతో మొదలుపెట్టాం. మొదటి రోజు స్ట్రా కూడా ముట్టుకోలేదు. నేనే ఊదుతూ కూర్చున్నాను. నాలుగో రోజు నా స్ట్రా లాక్కుంది. "మ్మ్మ్" పాట పదకొండో రోజు వచ్చింది, ఏ పాటో చెప్పుకోమని నాకు పరీక్ష పెట్టేది. మగ్గు తన చేతికిచ్చాక ఒక ఆదివారం తలంటు కూడా అయింది, తనే పోసుకుంది.

జగిత్యాల పెద్దాయన రాసింది మా మామగారికి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడకుండా లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. కోపం వచ్చిందనుకున్నాను. మర్నాడు కాఫీ తాగుతూ అన్నారు, "మా నాన్న అప్పటికే నీళ్లలో ఉన్నాడమ్మా. నన్ను విసిరింది మా బాబాయి. నాన్న కింద నిలబడి పట్టుకున్నాడు" అని. ఆయన వయసు 71. కాసేపాగి, "నాకు తోసింది ఒక్కటే గుర్తుండిపోయింది" అన్నారు.

మే మొదట్లో వేరే పూల్ చూసుకున్నాం. ఒక బ్యాచ్‌కి ఆరుగురే పిల్లలు, చిన్నపిల్లల వైపు మూడడుగుల లోతు, పెద్దవాళ్లని కూడా దిగనిస్తారు. మల్లెతీగ గారూ, నేనూ దిగాను. మా పాప కన్నా నేనే ఎక్కువ వణికాను. మామగారు కూడా దిగారు. ఆయన పాప మెడ కింద చెయ్యి పెట్టారు, నేను నడుము కింద పెట్టాను. పైకప్పు మీద ఒక పావురం గూడు ఉంది, దాన్ని చూడమన్నాం. ఐదు రోజులు చెవులు తడవగానే లేచిపోయింది. మొన్న శనివారం పావురాన్ని చూస్తూ ఏదో కబురు చెబుతోంది. నేను ఎప్పుడో చెయ్యి తీసేశాను. మామగారి చెయ్యి ఇంకా కిందే ఉందనుకున్నాను. చూస్తే ఆయన రెండు చేతులూ నీటి పైకెత్తి నాకు చూపిస్తున్నారు, కళ్ల నిండా నీళ్లు. పాప తనంతట తనే తేలుతోంది. మేం చెప్పలేదు. కబురు పూర్తయ్యేదాకా అలాగే ఉంది.

మాస్టారూ, ఇప్పుడు వెల్లకిలా నిమిషం దాకా తేలుతోంది. బోర్లా తిరగమంటే మాత్రం ఒప్పుకోవట్లేదు. ఏం చెయ్యమంటారు?

---

బాయిగడ్డ | జగిత్యాల జిల్లా | మే 20, పొద్దున 5:55

మీ మామగారికి నా దండాలు చెప్పమ్మా.

---

ఈతమాస్టారు | విజయవాడ | మే 20, మధ్యాహ్నం 1:40

బలవంతం వద్దు. పాప నడుము లోతు నీళ్లలో, అడుగున ఒక స్టీలు చెంచా వేసి తీసుకురమ్మనండి. మొదట చేత్తో, తర్వాత మొహం ముంచి కళ్లతో చూసి తియ్యాలి. గాగుల్స్ పెట్టండి. చెంచా కోసం వంగినప్పుడు కాళ్లు నేల వదులుతాయి, ఒళ్లు దానంతటదే బోర్లా వస్తుంది. మూడు చెంచాలు ఏరాక గోడని రెండు కాళ్లతో తన్ని, చేతులు ముందుకు చాపి తాతగారి దాకా జారి రమ్మనండి. తాతగారిని మొదటి రోజు ఒక మూర దూరంలో నిలబడమనండి. రోజూ అరడుగు వెనక్కి జరగాలి. పాపకి చెప్పకుండా.